మిరియపు గింజ అద్దె

ఆడ్రీని పొట్టన పెట్టుకున్నది లయనెల్ మార్చంట్ మర్యాద. ఆమె భర్త సిరిల్ పెన్‌ఫోల్డ్‌కి ఈ విషయంలో అనుమానం లేదు. మెదడులో రక్తం గడ్డకట్టిందని డాక్టర్లు రాశారు. రాసుకోనీ.

సముద్రం వైపు వీధిలో మూడంతస్తుల భవనం మార్చంట్‌ది. అందులో ఆరు ఫ్లాట్లు. ఎవరు కొనుక్కున్నా కొన్నది లీజునే. నేల, కప్పు, మెట్లు ఆయనవి. లీజు తీరిపోయిన రోజున గోడలు, కిటికీలు, స్నానాల తొట్టితో సహా అన్నీ తిరిగి ఆయన వంశానికే చేరతాయి. ఏడాదికి రెండుసార్లు, మార్చిలో లేడీ డే నాడు, సెప్టెంబరు చివర మైకేల్మస్ నాడు, నేల అద్దె కోసం ఆయనే మెట్లెక్కి వచ్చేవాడు. మిగతా యజమానులు బిల్లు పోస్టులో పడేస్తారు. ఈయన టోపీ చేత్తో పట్టుకుని, బూట్లు రెండుసార్లు తుడుచుకుని, ఆడ్రీ చేసిన అల్లం కేకు ఒక ముక్క తిని, టీ తాగి, ఆమె ఆరోగ్యం అడిగి, చెక్కు జేబులో పెట్టుకుని దిగేవాడు.

పై అంతస్తు ఫ్లాటు ఆడ్రీది. ఆమె పిన్ని రాసిచ్చింది. పెళ్లయిన నాటి నుంచి సిరిల్ ఆ ఇంట్లోనే ఉన్నా కాగితాల్లో అతని పేరు లేదు. బస్సు డిపోలో ఫిట్టరుగా పనిచేసినవాడికి కాగితాల మీద మోజు లేదు. ఉండాల్సిందని తర్వాత తెలిసింది.

ఆ ఏడు లేడీ డే నాడు ఆడ్రీ కేకు కోస్తూనే సంగతి ఎత్తింది.

"మార్చంట్ గారూ, మా లీజులో మిగిలిన గడువు ఈ మైకేల్మస్‌తో ఎనభై ఏళ్లకి దిగిపోతోంది. ఆ గీత దాటితే పొడిగింపు ధర ఎక్కడికో పోతుందంటున్నారు. అంతకుముందే పొడిగించుకుందామని మా ఆలోచన."

"తప్పకుండా మిసెస్ పెన్‌ఫోల్డ్, తప్పకుండా. అయితే మనలో మనకి లాయర్లెందుకు? వాళ్లు కూర్చుంటే డబ్బు, లేస్తే డబ్బు. వేసవి పోనివ్వండి. మా తోటలో ఆపిళ్లు దిగాక తీరిగ్గా కూర్చుని తేల్చేసుకుందాం. కేకు అమోఘం."

ఆయన వెళ్లాక ఆడ్రీ కప్పులు కడుగుతూ అంది.

"కేకు తిన్నాడు, మాట మాత్రం ఇవ్వలేదు."

"ఇచ్చాడుగా. ఆపిళ్లు దిగాక అన్నాడు."

"ఆపిళ్లు ఎప్పుడు దిగుతాయి, ముసలోడా? మైకేల్మస్‌కే కదా!"

"పెద్దమనిషి ఆడ్రీ. మీ పిన్ని పోయినప్పుడు వానలో నిలబడి మట్టి వేశాడు. అలాంటివాడికి లాయరు నోటీసు పంపితే ఏమనుకుంటాడు?"

"ఏమనుకుంటే మనకేం పోయింది?" అంది ఆమె. కానీ ఆమె కూడా పంపలేదు. ఆ ఊళ్లో ఎదుటివాడి మొహాన తలుపైనా వేస్తారు గానీ 'మీ మాట మీద నాకు నమ్మకం లేదు' అని మాత్రం నోరు తెరిచి అనరు. అది అనడానికి నోరు రాకే సగం ఊరి కొంపలు మునిగాయి.

వేసవి అంతా మార్చంట్ సముద్రపు ఒడ్డున ఎదురుపడుతూనే ఉన్నాడు. దూరం నుంచే చేతికర్ర ఎత్తి "ఆపిళ్లు, పెన్‌ఫోల్డ్! ఆపిళ్లు!" అని నవ్వేవాడు. సిరిల్ కూడా నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అతనికి పళ్లు నూరుకోబుద్ధవుతుంది.

సెప్టెంబరు మొదట్లో ఒక పొద్దున ఆడ్రీ సంచీ నిండా బంగాళాదుంపలతో మెట్లెక్కుతూ రెండో అంతస్తు మలుపులో కూలిపోయింది. దుంపలు మెట్ల మీద దొర్లుకుంటూ కిందిదాకా పోయాయి. ఆ చప్పుడుకి కింది ఫ్లాటు బెరిల్ టప్పెన్ బయటికి వచ్చింది. అంబులెన్సు పిలిచింది ఆవిడే.

ఆడ్రీ బతికింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. పోయిన మాటల్లోంచి ఒక్కటి మాత్రం ఎలాగో మిగిలింది: "అవును."

"టీ తాగుతావా?" అని సిరిల్ అడిగితే "అవును" అనేది, అంటూనే ఎడమచేత్తో కప్పు అవతలికి నెట్టేసేది. కావాలంటే "అవును" అని దగ్గరికి లాక్కునేది. రెండు రోజుల్లో అతనికి సంగతి తెలిసిపోయింది. మాటని వదిలేసి చేతిని చూడాలి. దిండు కావాలా, కిటికీ వెయ్యనా, బెరిల్‌ని రమ్మననా, అన్నిటికీ చెయ్యే జవాబు.

వార్డు సిస్టర్ గోరింగ్ మంచిదే. నోరు మాత్రం మొరటు.

"చూడు బంగారం, ఈవిడ ఇక మూడంతస్తులు ఎక్కేది లేదు. మెట్లు లేని ఇల్లు చూసుకో, పంపిస్తాం. లేదంటే మంచాన పడ్డవాళ్లని చూసుకునే కేర్ హోమ్‌కే."

"అక్కడికి పంపను."

"అందరూ మొదట అలాగే అంటారు."

మెట్లు లేని ఇల్లు కావాలంటే పై అంతస్తు ఫ్లాటు అమ్మాలి. బెరిల్ తన తలుపు దగ్గరే నిలబడి ఆ ఆశ కూడా తుంచేసింది. "ఎవడు కొంటాడు సిరిల్? అరిగిపోతున్న లీజుకి బ్యాంకులు అప్పివ్వవు. మైకేల్మస్ దాటితే పొడిగించుకునే స్తోమత నీకూ ఉండదు. ఆ ముసలి నక్క కేకు తింటూ కాలక్షేపం చేసింది ఇందుకేగా!"

అప్పుడు వేసింది సిరిల్‌కి భయం. అంతవరకు వేసింది దిగులే. భయం వేరు. రొట్టె ముక్క గొంతు దిగలేదు. మెట్లెక్కుతుంటే పక్కనున్న కమ్మీ మీద చెయ్యి వేయడానికి కూడా బెదురు పుట్టింది. అది మార్చంట్ కమ్మీ. వంటింట్లో నిలబడి చుట్టూ చూశాడు. ఆడ్రీ వేసిన పసుపు రంగు గోడ, ఆమె బిగించిన కొక్కెం, ఆమె పిన్ని నాటి పొయ్యి, అన్నీ అప్పటికే వేరేవాళ్ల ఇంట్లో సామాన్లలా కనిపించాయి.

మర్నాడే లాయరు మిస్ ఆనర్ ఏక్‌హర్స్ట్ దగ్గరికి పోయాడు. సన్నటి మనిషి. మాటలు ఆచితూచి అంటుంది.

"మైకేల్మస్ లోపు నోటీసు మార్చంట్ గారికి అందితే పాత ధరే. కానీ ఒక చిక్కుంది. ఫ్లాటు మీ భార్యది కాబట్టి నోటీసు మీద ఆవిడే సంతకం చెయ్యాలి."

"ఆమె తరఫున సంతకం చెయ్యడానికి నాకు అధికార పత్రం ఉంది."

"అన్నిటికీ చెల్లుతుంది. ఈ ఒక్క నోటీసుకి చెల్లదు. సొంత చేత్తో చెయ్యాలని చట్టం."

"ఆ చెయ్యి పడిపోయిందమ్మా."

"ఎడమ చెయ్యి?"

"అది ఆడుతోంది."

"అయితే ఆ చేత్తోనే. మీరు పట్టుకోకూడదు, ఊతం ఇవ్వకూడదు. పట్టుకున్నారని ఎవరన్నా అంటే నోటీసు చెల్లదు. రెండోది పంపడానికి గడువు ఉండదు."

సిరిల్ చిన్నప్పుడు ఎడమచేతివాడు. వాళ్ల పల్లె బడిలో మిస్ పూక్ అనే పంతులమ్మ ఆ చేతిని బూటు లేసుతో బెంచీకి కట్టి, కుడిచేత్తో రాయించింది. రాయకపోతే వేళ్ల కణుపుల మీద రూళ్లకర్ర. అతను కుడిచేత్తోనే నేర్చుకున్నాడు. ఈ రోజుకీ పెన్ను పట్టుకుంటే భుజం బిగుసుకుంటుంది. చేతికి భయం పెట్టి రాత నేర్పితే ఏమవుతుందో అతనికి తెలుసు. అందుకే ఆడ్రీకి గడువు సంగతి చెప్పినా భయపెట్టలేదు. తన భయాన్ని వార్డు తలుపు బయటే వదిలి లోపలికి వెళ్లేవాడు. తిరిగొచ్చేసరికి అది అక్కడే కాచుకుని ఉండేది.

మంచం మీదికి జరిపే చక్రాల పళ్లెంబల్ల మీద కాగితం పరిచి, ఆమె ఎడమచేతిలో లావుపాటి పెన్సిలు పెట్టి, పక్కన కుర్చీలో కూర్చుని తనూ ఎడమచేత్తోనే రాసేవాడు. మిస్ పూక్ కట్టేసిన నాటి నుంచి పెన్సిలు ఎరగని చెయ్యి. ఇద్దరి అక్షరాలూ తాగి పడిపోయినట్టు ఉండేవి.

"నాది బావుందా, నీదా?"

"అవును," అని ఆమె అతని కాగితాన్ని అవతలికి నెట్టింది. మూతిలో సగం నవ్వింది. మిగతా సగం కదల్లేదు.

"పొగరు తగ్గలేదన్నమాట."

"అవును."

మైకేల్మస్ దగ్గర పడేకొద్దీ పేరులో ఒక్కో అక్షరం కుదురుకుంది. పెన్‌ఫోల్డ్‌లోని 'ఎఫ్' మాత్రం లొంగలేదు. అక్కడికొచ్చేసరికి పెన్సిలు జారిపోయేది. జారినప్పుడల్లా సిరిల్ దాన్ని ఏరి ఆమెకి అందించేవాడు. "పోనీలే, మళ్లీ" అనేవాడు.

మైకేల్మస్ ముందు రోజు మధ్యాహ్నం మిస్ ఏక్‌హర్స్ట్ నోటీసు తెచ్చింది. అందులో ఏముందో ఆడ్రీకి మెల్లగా, రెండుసార్లు చెప్పింది. "మీరు కిటికీ దగ్గర నిలబడండి, పెన్‌ఫోల్డ్ గారూ. చేతులు జేబుల్లో పెట్టుకోండి" అంది. సిరిల్ అలాగే నిలబడ్డాడు. ఆడ్రీ రాస్తోంది. 'ఎఫ్' వచ్చింది, కాస్త సోలింది గానీ నిలబడింది. ఆఖరి అక్షరాల దగ్గర కాగితం పళ్లెంబల్ల మీంచి జారబోయింది. సిరిల్ ఒక్క ఉదుటున వచ్చి కాగితం మూల వేలితో నొక్కిపట్టాడు. అంతే. ఆమె చేతిని తాకలేదు. సంతకం పూర్తయింది.

మిస్ ఏక్‌హర్స్ట్ అతని వేలి వంక చూసింది. కాగితం మడిచి కవరులో పెట్టింది. సాయంత్రం టీ వేళకి నోటీసు తనే తీసుకెళ్లి మార్చంట్ చేతికిచ్చింది.

మర్నాడు మైకేల్మస్. సిరిల్ క్యాంటీనులో చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని వార్డుకి వచ్చేసరికి మార్చంట్ ఆడ్రీ మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. టోపీ మోకాలి మీద. బల్ల మీద బుట్ట నిండా ఆపిళ్లు. సిస్టర్ గోరింగ్ పక్క మంచం దుప్పటి సర్దుతోంది.

"ఎంత కష్టపడ్డారమ్మా సంతకానికి," అంటున్నాడు మార్చంట్, మెత్తగా. "సిరిల్ సాయం చేశాడా?"

"అవును," అంది ఆడ్రీ.

"పాపం, చెయ్యి పట్టుకుని రాయించాడేమో?"

"అవును."

ఆమె ఎడమచెయ్యి బుట్టని బల్ల అంచుదాకా నెట్టింది. రెండు ఆపిళ్లు కింద పడ్డాయి. మార్చంట్ వంగి వాటిని ఏరి, చేతిగుడ్డతో తుడిచి, బుట్టలో పెట్టాడు. అప్పుడు సిస్టర్ వైపు తిరిగాడు.

"మీరు విన్నారు కదా, సిస్టర్?"

"విన్నాను. అయితే ఏంటి?" అంది ఆవిడ, సంగతి తెలియక.

మార్చంట్ లేచి సిరిల్‌కి తల వంచాడు. "నాకు చాలా బాధగా ఉంది పెన్‌ఫోల్డ్. నిజంగా. కానీ నియమం నియమమే కదా."

"ఆపిళ్లు దిగాయన్నమాట," అన్నాడు సిరిల్.

మిస్ ఏక్‌హర్స్ట్ ఆఫీసుకి ఆ పూటే పరుగెత్తాడు. కూర్చోకుండానే చెప్పాడు. "ఆమె దేనికైనా అదే అంటుంది. నువ్వు గుర్రానివా అని అడిగినా అవుననే అంటుంది!"

"ఆ మాట బయట ఎక్కడా అనకండి." ఆవిడ మొహం పాలిపోయింది. "ఆవిడ అవునుకి అర్థం లేదంటే, అర్థం తెలియకుండా సంతకం పెట్టిందని అంటారు. అర్థం ఉందంటే, మీరు చెయ్యి పట్టుకున్నట్టు ఆవిడే ఒప్పుకుందంటారు. డాక్టరు చేత రాయించి ఉండాల్సింది. నాకు తోచలేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సిరిల్ కుర్చీలో కూలబడ్డాడు.

"మీరు తాకింది కాగితాన్నే కదా?"

"మూలని. మీరు చూశారు."

"నేను చూశాను. కానీ నేను మీ లాయర్ని. నా సాక్ష్యానికి విలువ తక్కువ. ఇది తేలేవరకు ఒక జాగ్రత్త. వార్డులో ఆవిడ చేతిని పట్టుకోకండి. ఎప్పుడు చూసినా ఆ చెయ్యి మీ చేతిలోనే ఉండేదని వార్డు సిస్టరే రేపు చెప్పాల్సి రావచ్చు."

అక్కణ్ణుంచి సిరిల్ వార్డులో చేతులు జేబుల్లోనే పెట్టుకున్నాడు. ఆడ్రీ మొదటి రోజు చెయ్యి చాపింది. అతను చూడనట్టు కిటికీ వంక తిరిగాడు. రెండో రోజు అతని కోటు అంచు పట్టుకుని లాగింది. "ఇంకొన్నాళ్లు ఆగు ఆడ్రీ, కాగితాల గొడవ" అన్నాడు. "అవును" అని ఆమె కోటుని అవతలికి నెట్టేసింది. ఎవరు వెనక నుంచి చూస్తున్నారో అని అతను తిరిగి చూశాడు. తలుపు దగ్గర అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. మార్చంట్ మళ్లీ వస్తాడేమో, ఇంకేం అడుగుతాడో, ఆమె దేనికి అవునంటుందో. కట్టుకున్న మనిషి పక్కన దొంగలా కూర్చున్నాడు.

ఒకసారి మిస్ ఏక్‌హర్స్ట్ వార్డుకి వచ్చి టీ అందిస్తే ఆడ్రీ "అవును" అంటూ కప్పు నెట్టేసింది. ఆవిడ నొచ్చుకుంటే సిరిల్ మామూలుగా చెప్పాడు. "వద్దంటే నెడుతుంది, కావాలంటే లాక్కుంటుంది. నోటితో పనిలేదు."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

ఆవిడే మార్చంట్ లాయరుకి రాసింది: అందరం కలిసి వద్దాం, ఆవిణ్ణే అడుగుదాం. ఆ రోజు మార్చంట్ రాలేదు. ఆయన లాయరు వచ్చాడు, బుర్ర మీసాల పొట్టి మనిషి. ఆసుపత్రి డాక్టరు, మిస్ ఏక్‌హర్స్ట్ అతనితో లోపలికి వెళ్లారు. సిరిల్‌ని బయట నిలబెట్టారు. తలుపుకి అరచేతి వెడల్పు అద్దం ఉంది. అందులోంచి కనిపిస్తోంది గానీ వినిపించడం లేదు.

పొట్టి మనిషి ఏదో అడిగాడు. ఆడ్రీ పెదవులు కదిలాయి. అవును. మళ్లీ అడిగాడు. అవును. సిరిల్ నుదురు అద్దానికి ఆనింది. అయిపోయింది అనుకున్నాడు. ఆమె కేర్ హోమ్ కిటికీ పక్కన, ఎవరివో చేతులు తినిపిస్తుంటే, దేనికైనా అవునంటూ కూర్చున్నట్టు కళ్లకు కట్టింది. అప్పుడు పళ్లెంబల్ల కదలడం చూశాడు. ఆడ్రీ దాన్ని అవతలికి నెట్టింది. పొట్టి మనిషి మళ్లీ అడిగాడు. మళ్లీ నెట్టింది. నాలుగో ప్రశ్నకి బల్లని తనవైపు లాక్కుంది. డాక్టరు ఏదో రాసుకున్నాడు. పెన్సిలు ఆమె చేతికిచ్చి అందరూ రెండడుగులు వెనక్కి జరిగారు. ఆమె ఒక్కతే రాసింది. చాలాసేపు పట్టింది.

మిస్ ఏక్‌హర్స్ట్ బయటికి వచ్చి చెప్పింది. "మీ పేరు మార్గరెట్టా అంటే నెట్టారు. మీ ఆయన చెయ్యి పట్టుకున్నాడా అంటే నెట్టారు. ఈ కాగితం అద్దె పెంచడానికా అంటే నెట్టారు. లీజు పొడిగించడానికా అంటే లాక్కున్నారు. సంతకం అచ్చం అలాగే ఉంది, 'ఎఫ్'తో సహా."

"అయితే అయిపోయినట్టేనా?"

"అయినట్టే. కాగితం మీద పెట్టి పంపుతామన్నారు. అది వచ్చేదాకా మాత్రం జాగ్రత్త తప్పకండి."

సిరిల్ లోపలికి వెళ్లాడు. ఆడ్రీ అలిసి నిద్రపోతోంది. ఎడమచెయ్యి దుప్పటి మీద, అరచెయ్యి పైకి తెరుచుకుని ఉంది. వేళ్లకి పెన్సిలు మసి. సిస్టర్ గోరింగ్ అటూ ఇటూ తిరుగుతోంది. అతను జేబుల్లో చేతులతో చాలాసేపు నిలబడి, బస్సు వేళయిందని వెళ్లిపోయాడు.

తెల్లారి అతను వార్డు చేరేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. మళ్లీ అదే జబ్బు. ఈసారి ఒక్క మాట కూడా మిగల్చలేదు. మార్చంట్ లాయరు ఉత్తరం అంత్యక్రియలైన వారానికి వచ్చింది. నోటీసు చెల్లుతుందట. అభ్యంతరం లేదట. సంతాపం కూడా అందులోనే తెలియజేశారు.

లీజు గడువు పెరిగింది. ఉన్నదానికి ఇంకో తొంభై ఏళ్లు కలిశాయి. ఇప్పుడది సిరిల్ పేరున ఉంది. మెట్లు లేని ఇల్లు ఇక అక్కర్లేదు. తనూ, ఆమె వేసిన పసుపు గోడా, ఆ మెట్లూ. కొత్త లీజులో నేల అద్దె ఉండదు. చట్టం ప్రకారం ఏడాదికి ఒక మిరియపు గింజ, అదీ అడిగితేనే.

ఆ తర్వాతి లేడీ డే నాడు మిగతా ఫ్లాట్ల అద్దెకి వచ్చిన మార్చంట్ పై అంతస్తు కూడా ఎక్కాడు. తలుపు తట్టాడు. టోపీ చేతిలో ఉంది.

"అద్దె కోసం కాదు పెన్‌ఫోల్డ్. ఊరికే పలకరించి పోదామని."

"అద్దె ఉంది. ఉండండి."

సిరిల్ వంటింట్లోకి వెళ్లి ఆడ్రీ మసాలా డబ్బా తెరిచాడు. ఒక మిరియం తీశాడు. దాన్ని మార్చంట్ చేతిలో పెట్టలేదు. ఆ చేతిని తాకే ఉద్దేశం లేదు. టోపీలో పడేశాడు.

మార్చంట్ టోపీలోకి చూశాడు. బూట్లు అప్పటికే తుడుచుకుని ఉన్నాడు. "ఆడ్రీ గారు చివర్లో మరీ బాధపడలేదని విన్నాను," అన్నాడు. "మీరు పక్కనే ఉన్నారు కదా, చెయ్యి పట్టుకుని…"

సిరిల్ తలుపు వేశాడు.

దిగుతున్న బూట్ల చప్పుడు ఆగాక బెరిల్ టప్పెన్ పైకి వచ్చింది. అడగకుండా లోపలికి వచ్చి టీకి నీళ్లు పెట్టింది.

"ఏమన్నాడు ఆ నక్క?"

సిరిల్ మసాలా డబ్బా మూత బిగిస్తున్నాడు.

"ఏదో అని ఉంటాడు. లేకపోతే నీ మొహం అలా ఉండదు. ఆడ్రీ గురించా? చెప్పు సిరిల్. మనసులో పెట్టుకుంటే కుళ్లుతుంది."

"బెరిల్."

"ఊఁ?"

"టీ తాగు, ఉండు, పో, నీ ఇష్టం. ఆ మాట మాత్రం నన్ను అడగకు. ఇవాళా కాదు, రేపూ కాదు. నేను పోయాక కూడా నా సమాధి దగ్గర నిలబడి అడగకు."

బెరిల్ కప్పు అతని వైపు జరిపింది. సిరిల్ దాన్ని అవతలికి నెట్టేశాడు.